వైర్ పిట్‌లో నురగ, షీట్‌లో పిన్‌హోల్స్: డీఫోమర్ పెంచేముందు ఇవి చూడండి

సమస్య: పేపర్ మెషిన్‌లో వైర్ (షీట్ తయారయ్యే జాలీ) నుంచి దిగిన నీళ్లు చేరే వైర్ పిట్ మీద నురగ మందంగా కట్టి ఫ్లోర్ మీదకి పొంగుతుంది, షీట్‌ని లైట్‌కి ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు బొక్కలు, వైర్ మీద నీళ్లు సరిగ్గా దిగవు. వెంటనే మనవాళ్లు డీఫోమర్ (నురగ తగ్గించే కెమికల్) పంప్ స్ట్రోక్ పెంచేస్తారు. కాస్త ఆగండి. పైన కనిపించే నురగ కన్నా స్టాక్ (నీళ్లలో కలిపిన పల్ప్) లోపల నారకి అంటుకున్న సన్న బుడగలే ఎక్కువ నష్టం చేస్తాయి.

ముందు హెడ్ బాక్స్ (స్టాక్‌ని వైర్ మీదకి వదిలే పెట్టె) నుంచి స్టాక్‌ని లీటర్ మెజరింగ్ సిలిండర్‌లో మెల్లగా పట్టి, రెండు మూడు నిమిషాలు కదపకుండా ఉంచండి. నార కిందికి దిగకుండా పైకి తేలుతుంటే గాలి లోపలే ఉంది.

కారణం, పరిష్కారం: ఎక్కువసార్లు గాలి మనమే కలుపుతాం. మా మెషిన్‌లో రెండు రోజులు కెమికల్స్ మార్చి మార్చి చూశాం, చివరికి చూస్తే సేవ్ఆల్ (వైర్ నుంచి దిగిన నీళ్లలోంచి నార పట్టే యంత్రం) నుంచి వచ్చే బ్యాక్ వాటర్ పైపు పిట్‌లోకి మూడడుగుల పైనుంచి దబదబా పడుతోంది, పడ్డచోట తెల్లగా పాలలా ఉంది. పైపుకి ఒక ముక్క వెల్డ్ చేసి నోరు నీళ్లలో మునిగేలా పెట్టాం, ఆ షిఫ్ట్‌లోనే నురగ దిగిపోయింది.

తర్వాత ఫ్యాన్ పంప్ (హెడ్ బాక్స్‌కి స్టాక్ తోసే పంప్) సక్షన్ వైపు గ్లాండ్ (షాఫ్ట్ చుట్టూ ప్యాకింగ్ ఉండే చోటు) చూడండి. అక్కడ లీక్ ఉంటే నీళ్లు బయటికి రావు, గాలి లోపలికి పోతుంది, అందుకే ఎవరికీ కనపడదు. పల్చటి కాగితం ముక్క దగ్గర పెట్టండి, లాగితే ప్యాకింగ్ మార్చండి, సీలింగ్ వాటర్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. చెస్ట్ (స్టాక్ నిల్వ ఉంచే ట్యాంక్) లెవెల్ తగ్గి అజిటేటర్ (స్టాక్‌ని కలిపే రెక్క) దగ్గర సుడి పడుతున్నా అంతే, లెవెల్ పెంచాలి.

ఇవేవీ కాకపోతే పటిక సంగతి చూడండి. సైజింగ్‌కి (కాగితం నీళ్లు పీల్చకుండా చెయ్యడానికి) రోజిన్, పటికతో నడిపే మెషిన్‌లోకి కాల్షియం కార్బొనేట్ ఉన్న వేస్ట్ పేపర్ గానీ బ్రోక్ (మెషిన్‌లో పాడై మళ్ళీ పల్ప్‌లో కలిపే పేపర్) గానీ వస్తే కార్బన్ డయాక్సైడ్ పుడుతుంది, దాన్ని ఎంత డీఫోమర్ పోసినా ఆపలేం. ఆ పేపర్ మీద పల్చటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వేస్తే బుసబుసమంటుంది. ఆ బ్రోక్‌ని ఒకేసారి కాకుండా కొద్దికొద్దిగా కలపండి, పీహెచ్ మీద కన్నేసి ఉంచండి. పల్ప్ మిల్లు ఉన్నచోట వాషింగ్ సరిగ్గా లేక బ్లాక్ లిక్కర్ (పల్ప్ వండగా మిగిలే నల్లటి ద్రవం) సబ్బు వచ్చినా నురగే, అది వాషర్ దగ్గరే సరిచెయ్యాలి.

ఇవన్నీ అయ్యాకే డీఫోమర్, అదీ ఫ్యాన్ పంప్ సక్షన్‌కి ముందు, కొద్దికొద్దిగా ఆగకుండా. ఎక్కువైతే సైజింగ్ దెబ్బతిని కాబ్ (కాగితం ఎంత నీళ్లు పీలుస్తుందో చెప్పే లెక్క) పెరుగుతుంది, ఫెల్ట్‌కి (తడి షీట్‌ని మోసే బట్టకి) జిడ్డు పట్టి షీట్‌లో మచ్చలొస్తాయి. డోస్ మార్చిన ప్రతిసారీ కాసేపాగి మళ్ళీ సిలిండర్ పట్టండి.