ఎల్‌డీఎల్ 190 దాటిందా? ఇంట్లో వాళ్లందరి రిపోర్టులూ ఇలా చూడండి

మన హైదరాబాద్‌లో కొలెస్ట్రాల్ ఎక్కువొచ్చిందంటే అందరూ ముందు బిర్యానీనే తిడ్తరు. తిండితో కొంత పెరిగేది నిజమే, కానీ సన్నగా ఉండి రోజూ కేబీఆర్ పార్క్‌లో వాకింగ్ చేసే 35 ఏళ్ల మనిషికి ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్) 210 వచ్చిందంటే అది అమ్మ నుంచో నాన్న నుంచో వచ్చిన జీన్ వల్ల అయ్యుండొచ్చు. డాక్టర్లు దీన్ని ఎఫ్‌హెచ్ (ఫెమిలియల్ హైపర్‌కొలెస్టెరొలీమియా, అంటే వంశంలో వచ్చే హై కొలెస్ట్రాల్) అంటరు, దాదాపు 250 మందిలో ఒకరికి ఉంటది, చాలామందికి ఉన్నట్టే తెల్వదు.

ముందు రిపోర్ట్‌లో టోటల్ పక్కనపెట్టి ఎల్‌డీఎల్ లైన్ చూడండి. పెద్దోళ్లకి 190, పిల్లలకి 160 దాటితే అనుమానించాలె. ఇప్పటికే స్టాటిన్ (కొలెస్ట్రాల్ తగ్గించే మందు) వేస్కుంటుంటే ట్యాబ్లెట్ మొదలుపెట్టకముందు తీసిన పాత రిపోర్ట్ వెతకండి, ఇప్పటి నంబర్ అసలు సంగతి చెప్పదు. థైరాయిడ్ తక్కువున్నా ఎల్‌డీఎల్ పెరుగుతది కాబట్టి టీఎస్‌హెచ్ అనే థైరాయిడ్ టెస్ట్ కూడా చేయించండి. ట్రైగ్లిజరైడ్స్ (రక్తంలో ఉండే ఇంకో రకం కొవ్వు) 400 దాటితే మిగతా నంబర్ల నుంచి లెక్కగట్టిన ఎల్‌డీఎల్‌ని నమ్మొద్దు, డైరెక్ట్ ఎల్‌డీఎల్ అడగండి.

తర్వాత ఒక పేపర్ తీస్కొని అమ్మ వైపు, నాన్న వైపు ఇద్దరివీ రాయండి. మగోళ్లకి 55 లోపు, ఆడోళ్లకి 60 లోపు హార్ట్ ఎటాక్, స్టెంట్, బైపాస్ ఏమన్నా అయిందా? మనోళ్లు "నిద్రలోనే పోయిండు పాపం" అని ఊరుకుంటరు, అప్పుడు వయసెంతో పెద్దమ్మనో మేనత్తనో గట్టిగా అడగాలె. మడమ వెనక నరంలా ఉండే దాన్ని రెండు వేళ్లతో పట్టి చూడండి, మందంగా గడ్డకట్టినట్టుంటే డాక్టర్‌కి చూపించండి. 45 లోపే నల్లగుడ్డు చుట్టూ తెల్లటి రింగ్ వచ్చినా అంతే.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్ననంటే జీన్స్ సాక్ష్యం అంత స్పష్టంగా ఉంది. 2003లో ఫ్రాన్స్‌లో కొన్ని ఫ్యామిలీల్లో పీసీఎస్‌కే9 అనే జీన్ మరీ ఎక్కువ పనిచేసి ఎల్‌డీఎల్ పెంచుతున్నట్టు తేలింది, 2006లో అమెరికాలో చూస్తే అదే జీన్ ఒక కాపీ పుట్టుకతోనే చెడిపోయిన నల్లజాతివాళ్లకి ఎల్‌డీఎల్ 28 శాతమే తక్కువ, గుండెజబ్బు మాత్రం 88 శాతం తక్కువ! పుట్టినప్పట్నుంచీ తక్కువుండటంలోనే ఉంది ఆ లాభమంతా. ఇంకోటి, "హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్) బాగుంది కదా, ఏం కాదు" అనుకోవద్దు, హెచ్‌డీఎల్ ఒక్కటే పెంచే జీన్ ఉన్నోళ్లకి ఎటాక్‌లు తగ్గలేదని 2012లో తేలింది.

డాక్టర్ ఎఫ్‌హెచ్ అని చెప్తే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు ఒక్కొక్కరికీ 50 శాతం చాన్స్ ఉన్నట్టే. అందరికీ లిపిడ్ ప్రొఫైల్ (కొలెస్ట్రాల్ రక్తపరీక్ష) చేయించండి, పిల్లలకైతే పదేళ్లు రాకముందే. జీన్ టెస్ట్ అందరికీ తప్పనిసరేం కాదు, నెగెటివ్ వచ్చినా ఎల్‌డీఎల్ అంతుంటే ట్రీట్‌మెంట్ కావాల్సిందే. నంబర్ నార్మల్‌కొచ్చిందని ట్యాబ్లెట్ మీరే ఆపేయొద్దు, కొన్ని వారాల్లోనే మళ్లీ ఎక్కి కూర్చుంటది. ప్రెగ్నెన్సీ ప్లాన్ చేస్తున్నోళ్లు మాత్రం ముందే డాక్టర్‌కి చెప్పండి, అప్పుడు స్టాటిన్ సంగతి వాళ్లే చూస్తరు.