స్కాండినేవియా పేర్లు, 6వ పాఠం: సిగ్రిడ్ పెట్టాలా, సిగ్నె పెట్టాలా?

కిందటి పాఠంలో ఇంగ్రిడ్, ఆస్ట్రిడ్ జంటను చూశాం. వాటి తోకలు ఒకటే అయినా తలలు వేరు కాబట్టి పెద్దగా తికమక పడలేదు. ఈసారి జంటకు తల ఒకటే. సిగ్రిడ్, సిగ్నె రెండూ వందేళ్ల కిందట స్వీడన్‌లో ఇంటింటా వినిపించిన పేర్లు. మధ్యలో ముసలమ్మల పేర్లుగా మిగిలి, ఈ శతాబ్దంలో మళ్లీ ఉయ్యాలల్లోకి వచ్చాయి. అక్కడ ముత్తవ్వల పేర్లు మూడు నాలుగు తరాలకోసారి ఇలా తిరిగిరావడం మామూలే.

అభ్యాసం కోసం ఒక ఇల్లు ఊహించుకుందాం. కాపురం దక్షిణ స్వీడన్‌లోని మాల్మోలో. తండ్రి ఆ ఊరివాడే. తల్లి పుట్టిల్లు డెన్మార్క్‌లోని కోపెన్‌హాగన్. నడుమ ఓరెసుండ్ జలసంధి, దాని మీద 2000 జులైలో తెరిచిన వంతెన. రైలెక్కితే ముప్పావు గంటలోపే అవతలి ఒడ్డు చేరవచ్చు. ఈ ఇంట్లో ఆడపిల్ల పుట్టింది. సిగ్రిడ్ అందామా, సిగ్నె అందామా అని ఇద్దరూ ఊగిసలాడుతున్నారు. ఈ పాఠం అయ్యేసరికి వాళ్లకు సలహా చెప్పగలగాలి.

పేరు అనగానే చాలామంది ముందు అర్థం వెతుకుతారు. ఇక్కడ దానితో పని జరగదు. ఈ దేశాల భాషలకు తల్లి అయిన పాత నార్స్ భాషలో ‘సిగ్ర్’ అంటే గెలుపు. దానికి అందాన్ని చెప్పే మాట చేరితే సిగ్రిడ్, కొత్తదనాన్ని చెప్పే మాట చేరితే సిగ్నె. ఎటు చూసినా విజయలక్ష్మే.

పోనీ కథలు చూద్దామంటే అక్కడ అంతా నిప్పే. ఐస్‌లాండ్ చరిత్రకారుడు స్నోరి స్టుర్లుసన్ 13వ శతాబ్దంలో రాసిన రాజుల కథల్లో సిగ్రిడ్ అనే గర్విష్ఠి రాణి ఉంది. పెళ్లాడతామని వచ్చిన చిన్న రాజులను తాగించి, పడుకున్న ఇంటికి నిప్పు పెట్టిస్తుంది. ఇక సిగ్నె పాత రూపమైన సిగ్నీ, వోల్సుంగులనే వీరవంశపు కథలో కనిపిస్తుంది. తండ్రిని చంపిన భర్త మీద పగ తీర్చుకుని, అతని ఇల్లు కాలుతుంటే తానూ ఆ మంటల్లోకే వెళ్తుంది. డేన్ల, అంటే డెన్మార్క్ వాళ్ల, కథలోని మరో సిగ్నె కూడా ప్రియుణ్ణి ఉరితీస్తున్నారని తన మేడకు తానే నిప్పు పెట్టుకుంటుంది. ఒకరు కాల్చారు, ఇద్దరు కాలిపోయారు. వీటిని బట్టి పాపకు పేరు పెట్టే ధైర్యం నాకైతే లేదు. నిజమైన మనుషులను చూస్తే కాస్త ఊరట: 1928లో సాహిత్యానికి నోబెల్ బహుమతి అందుకున్న నార్వే రచయిత్రి సిగ్రిడ్ ఉండ్‌సెట్, హాలీవుడ్‌లో నటించిన స్వీడన్ నటి సిగ్నె హాసో.

అసలు పాఠం ఇక్కడ మొదలవుతుంది. పేరును నోటితో పరీక్షించాలి, అదీ రోజూ పిలిచే వాళ్ల నోటితో.

మొదట సిగ్రిడ్. మనం ఇంగ్లీషు అలవాటు కొద్దీ చివర ‘డ్’ రాస్తాం. స్వీడన్ వాళ్లు నాలుకను పళ్లకు తాకించి పలుకుతారు, అంటే అది మన ‘ద్’. మొదటి అచ్చు కూడా దీర్ఘం. కాబట్టి ‘సీగ్రిద్’ అని చదవండి. నార్వేలో చివరి హల్లును చాలామంది మింగేస్తారు, ‘సిగ్రి’ అని వినిపిస్తుంది. డెన్మార్క్‌లో ఆ చివరి హల్లు మెత్తబడుతుంది. నాలుక కొనను కింది పళ్ల వెనుక ఉంచి, ‘ద’కూ ‘ల’కూ మధ్య ఎక్కడో ఆపాలి. మొదటిసారి వింటే ‘ల్’ అన్నారనే అనుకుంటాం. ఇన్ని తేడాలున్నా ఏ దేశంలో పిలిచినా పిల్ల అది తన పేరేనని గుర్తుపడుతుంది.

ఇప్పుడు సిగ్నె. రాతలో ఎస్, ఐ, జి, ఎన్, ఇ. చూడగానే ‘సిగ్నె’ అనబోతాం. స్వీడన్‌లో అలా అనరు. అచ్చు తర్వాత జి, ఎన్ కలిసి వస్తే ఆ జి ముక్కులోకి పోతుంది. మన వర్ణమాలలో క వర్గం చివర ‘ఙ’ ఉంది కదా, చిన్నప్పుడు వల్లించి తర్వాత ఎక్కడా రాయకుండా వదిలేసిన అక్షరం. దానికి ఇక్కడ పని దొరికింది: ‘సిఙ్నె’. ఇదే సూత్రంతో మాగ్నుస్‌ను ‘మఙ్నుస్’ అనీ, ఆగ్నెస్‌ను ‘అఙ్నెస్’ అనీ చదవాలి. గట్టిగా అనండి. మధ్యలో ‘గ’ వినిపిస్తే తప్పు. ‘అంగం’ అంటూ ‘గ’ దగ్గరికి రాకముందే ఆగి, అక్కడి నుంచి ‘న’ లోకి జారండి. నార్వేలో కూడా ఈ పేరు ఇలాగే పలుకుతారు.

వంతెన దాటగానే కథ మారుతుంది. డెన్మార్క్‌లో ఆ జి పూర్తిగా మాయమవుతుంది, పేరు ‘సీనె’ అయిపోతుంది. మాగ్నుస్ కూడా అక్కడ దాదాపు ‘మౌనుస్’. అంటే మాల్మోలో బాలవాడి టీచరు ‘సిఙ్నె’ అని పిలిచిన పిల్లను సాయంత్రం అమ్మమ్మ ‘సీనె’ అంటుంది. రాతలో మాత్రం ఒక్క అక్షరం కూడా మారదు. ఇది తప్పేమీ కాదు, కొన్ని ఇళ్లలో అదే ముచ్చట. కానీ పేరు పెట్టేముందే తెలిసి ఉండాలి. కాగితం మీద చూసి ఇష్టపడిన వాళ్లకు ఇది తట్టదు.

ఇంటిపేరుతో కలిపి చూడటం చిన్న పని, అయినా మానవద్దు. సిగ్రిద్ తర్వాత డాల్ వంటి ఇంటిపేరు వస్తే రెండు ‘ద’లు కలిసి ‘సీగ్రిద్దాల్’ అవుతుంది. సిగ్నె తర్వాత ఎరిక్సొన్ వస్తే రెండు ‘ఎ’లు ఢీకొంటాయి. మనకైతే సంధి చేసే అలవాటుంది, వాళ్లు విడదీసి పలకడానికి కాస్త ఆగాలి.

ముద్దుపేరు విషయంలో సిగ్రిద్‌దే పైచేయి. దాన్ని ‘సిరి’ అని కుదించడం ఎప్పటి నుంచో ఉన్నదే, ఫిన్లండ్‌లో సీరి అనేది విడిగా పేరే అయింది. స్వీడన్‌లో స్థిరపడిన తెలుగువాళ్లకు ఈ పేరు రెండు వైపులా పనికొస్తుందని వేరే చెప్పాలా! ఒక్కటే చిక్కు: 2011లో ఆపిల్ ఫోన్లలోకి సిరి వచ్చింది, పిల్లను పిలిస్తే ఫోను పలకవచ్చు. సిగ్నె అసలే పొట్టి, కుదించడానికి ఏమీ లేదు.

నమోదు సంగతి: స్వీడన్‌లో పేర్లు చూసేది పన్నుల శాఖ, స్కాట్టెవెర్కెట్. పుట్టిన మూడు నెలల్లోపు తెలియజేయాలి. ఒకటికి మించి పేర్లు పెట్టవచ్చు, వాటిలో ఏది పిలుపుపేరో చెప్పవచ్చు, అది మొదటిదే కానక్కర్లేదు. కాబట్టి ఓడిన పేరును రెండో స్థానంలో నిలుపుకునే వీలుంది. డెన్మార్క్‌లో, నార్వేలో గడువు ఆరు నెలలు.

మాల్మో ఇంటికి నా సలహా సిగ్రిద్. రెండు ఒడ్డుల మీదా చెక్కుచెదరని పిలుపు కావాలంటే అదే నయం. అదే కాపురం కోపెన్‌హాగన్‌లోనే అయి, బంధువులంతా డేన్లే అయితే సిగ్నె అంటాను. ‘సీనె’ అన్న పిలుపు చెవికి అంత హాయిగా ఉంటుంది. మీ తీర్పు వేరైతే, ఎవరి నోట ఎలా వినిపిస్తుందో రాసి చూపండి, ఒప్పుకుంటాను.

వచ్చే పాఠానికి ముందు ఇంటిపని. షెర్స్టిన్ అని వినిపించే స్వీడిష్ పేరు రాతలో ‘కె’తో మొదలవుతుంది. డెన్మార్క్‌లో దాని తోబుట్టువు కిర్స్టెన్. మెత్తని అచ్చుల (ఇ, ఎ వంటివి) ముందు స్వీడిష్ ‘కె’ ఏమవుతుందో మూడో పాఠంలో చెప్పుకున్నాం. దాన్ని మరోసారి చదివి, రెండు పేర్లనూ పైకి పలికి చూసి రండి.