మట్‌లో ఒక్క ఫోల్డరే కనిపిస్తోందా?

సమస్య: సర్వర్‌లోని ఈమెయిళ్లను కంప్యూటర్‌లోకి దించే ఎంబీసింక్ ఉత్తరాలన్నీ దించుకుంది. టెర్మినల్‌లో ఈమెయిల్ చదివే ప్రోగ్రామ్ మట్ తెరిస్తే సైడ్‌బార్‌లో ఒక్క ఫోల్డరే ఉంది, లేదా అసలేమీ లేదు.

ముందు డిస్కు చూడండి. చాలామంది ఇది చూడకుండానే మట్‌ను తీసేసి మళ్లీ ఇన్‌స్టాల్ చేస్తారు. ప్రతి ఫోల్డరులోనూ కర్ (cur), న్యూ (new), టీఎంపీ (tmp) అనే మూడు ఉపఫోల్డర్లూ ఉండాలి. లేకపోతే లోపం ఎంబీసింక్ అమరికలో ఉంది: ప్యాటర్న్స్, క్రియేట్ వరుసలు సరిచూడండి, పాత్ చివర స్లాష్ పెట్టండి.

డిస్కులో అన్నీ ఉండి మట్‌లో ఏదీ లేదా? మట్ అమరిక ఫైలులో మెయిల్‌బాక్సెస్ వరుస సెట్ ఫోల్డర్ వరుసకు పైన ఉండి ఉంటుంది. ప్లస్ గుర్తు సెట్ ఫోల్డర్‌లో ఇచ్చిన దారికి బదులు వాడేది; దానితో రాసిన పేర్లను మట్ అక్కడికక్కడే విప్పుతుంది కాబట్టి, మెయిల్‌బాక్సెస్ వరుసను కిందికి మార్చండి.

ఒక్కటే కనిపిస్తే మాత్రం ఇది నన్ను బాగా ఏడిపించిన తప్పు. మెయిల్‌బాక్సెస్ పక్కన బ్యాక్‌టిక్‌ల (`) మధ్య, కర్ ఉన్న ఫోల్డర్లను వెతికే ఫైండ్ ఆదేశం రాస్తాం; దాని ఫలితం అక్కడ చేరుతుంది. అదే ఆదేశాన్ని టెర్మినల్‌లో నడిపితే ఫోల్డర్లన్నీ వరుసగా వస్తాయి. ఇక దానిపై అనుమానం ఎందుకు కలుగుతుంది? నేను ఎంబీసింక్‌నే అనుమానించి, ఉత్తరాలన్నీ చెరిపి రెండుసార్లు దించాను. బ్యాక్‌టిక్‌లలోని ఆదేశం ఎన్ని వరుసలు ఇచ్చినా మట్ మొదటి వరుసే తీసుకుంటుంది. మిగతావి మాట్లాడకుండా వదిలేస్తుంది. ఫైండ్‌కు అక్షరక్రమం లేదు గనుక ఒక కంప్యూటర్‌లో ఇన్‌బాక్స్, ఇంకో దానిలో ఆర్కైవ్ కనిపిస్తుంది.

పరీక్ష తేలిక. ఆదేశం చివర పైపు గుర్తు (|) పెట్టి వరుసలు లెక్కించే డబ్ల్యూసీని హైఫన్ ఎల్‌తో నడపండి. అది లెక్కించేది వరుస విరుపులను. 0 వస్తే సరి.

పరిష్కారం: ఫైండ్‌లోని ప్రింట్‌ఎఫ్‌తో ప్రతి పేరునూ జంట కొటేషన్లలో, తర్వాత ఒక్క ఖాళీతో అచ్చు వేయించండి. కొటేషన్లు మానితే జీమెయిల్‌లోని ‘సెంట్ మెయిల్’ రెండు ముక్కలై, ఎక్కడా లేని రెండు ఫోల్డర్లుగా మారుతుంది. మ్యాక్ ఫైండ్‌లో ప్రింట్‌ఎఫ్ లేదు. అక్కడ పాఠాన్ని మార్చే సెడ్ ఆదేశంతో ప్రతి దారి చివరి కర్ తీసేసి, పేర్లలోని ఖాళీల ముందు బ్యాక్‌స్లాష్ చేర్చి, టీఆర్ ఆదేశంతో వరుస విరుపులను ఖాళీలుగా మార్చాలి.

నేనైతే చిన్న స్క్రిప్టు రాసి, మట్ అమరికలో సోర్స్ పక్కన దాని పేరు, చివర పైపు గుర్తు పెడతాను. అలా పిలిస్తే మట్ అన్ని వరుసలూ చదువుతుంది. ఒక్కో ఫోల్డరుకు ఒక్కో మెయిల్‌బాక్సెస్ వరుస రాయవచ్చు, ఇన్‌బాక్స్‌ను అన్నిటికంటే ముందు ఉంచుకోవచ్చు.

తెలుగు పేరు పెట్టిన ఫోల్డరు యాంపర్‌శాండ్‌తో మొదలయ్యే అక్షరాల గుంపుగా కనిపిస్తే అది ఐమ్యాప్ (మెయిల్ సర్వర్‌తో మాట్లాడే పద్ధతి) సంకేత రూపం, ఫోల్డరు పాడవలేదు. కొత్త ఫోల్డరు రాకపోతే మట్ మూసి తెరవండి. ఈ ఆదేశాలు నడిచేది అమరిక చదివేటప్పుడే.