ల్యాబ్‌లో ఊహించనిది రియాక్ట్ అయితే ఏం చేయాలి

బతుకమ్మ సెలవులు అయిపోయి హనుమకొండలో మా ల్యాబ్ తెరిచేసరికి స్టాండులో ఒక టెస్ట్ ట్యూబ్ అలాగే ఉంది, సెలవులకు ముందు చేసిన టాలెన్స్ టెస్టుది (వెండి లవణం, అమ్మోనియా కలిపిన ద్రావణంతో ఆల్డిహైడ్లను గుర్తించే పరీక్ష), అడుగున నల్లటి పొర. అటెండర్ అన్న బ్రష్ పట్టుకుని కడగబోతుంటే గట్టిగా అరిచి ఆపాను. ఆ ద్రావణం నిల్వ ఉంటే సిల్వర్ నైట్రైడ్ తయారవుతుంది, కాస్త కదిపినా పేలొచ్చు. అందుకే టాలెన్స్ రియేజెంట్ ఏ పూటకు ఆ పూట కొంచెమే చేసుకోండి, టెస్టు కాగానే సజల నైట్రిక్ ఆమ్లం కలిపి పారబోయండి, రేపటికి దాచొద్దు.

ఇక మీ ఫ్లాస్కులోనే రంగు మారినా, పొగ వచ్చినా, ఉన్నట్టుండి వేడెక్కినా, ముందు చేతులు వెనక్కి తీసుకోండి. టెన్షన్‌లో నీళ్లు పోయొద్దు. హుడ్ (పొగలను బయటికి లాగే అర) అద్దం దించి, పక్కవాళ్లను దూరం జరగమని, గైడ్‌ను పిలవండి. అంతా చల్లబడ్డాక ఏది ఎంత వేశారు, ఏ సీసాలోది, ఎంత వేడి దగ్గర మొదలైంది, అన్నీ ఆ రోజే నోట్‌బుక్‌లో రాయండి. ఇది చాలామంది వదిలేస్తారు, నాకు బాధ కలిగించేది అదే. రసాయన శాస్త్రవేత్త నీల్ బార్ట్‌లెట్ తన పరికరంలో అనుకోకుండా కనిపించిన ఎర్రటి పదార్థాన్ని మలినమని తుడిచేయలేదు. ప్లాటినం హెక్సాఫ్లోరైడ్ ఆక్సిజన్ నుంచే ఎలక్ట్రాన్ లాగేసిందని తేల్చాడు. ఆక్సిజన్ అణువు అయనీకరణ శక్తి (ఒక ఎలక్ట్రాన్‌ను లాగేయడానికి కావలసిన శక్తి) 12.07 ఎలక్ట్రాన్ వోల్టులు, జినాన్‌ది 12.13, ఇంత దగ్గరగా ఉంటే జినాన్ కూడా లొంగాలి కదా అని 1962లో చేసి చూస్తే, దేనితోనూ కలవదనుకున్న జడవాయువు సమ్మేళనం చేతికొచ్చింది!

మళ్లీ చేసి చూడాలనిపిస్తే గైడ్ ఒప్పుకున్నాకే, చాలా తక్కువ మోతాదులో, షీల్డ్ వెనక నుంచి చేయండి. ఇట్టే పేలిపోయే నైట్రోజన్ ట్రైక్లోరైడ్‌తో డ్యూలాంగ్ అనే రసాయన శాస్త్రవేత్త ఒక కన్ను, వేళ్లు పోగొట్టుకున్నాడు, ఆ సంగతి తెలిసి కూడా 1812లో మరో రసాయన శాస్త్రవేత్త డేవీ దాంతోనే కళ్లకు దెబ్బ తగిలించుకున్నాడు.

మన దగ్గర ఈథర్‌ది, అంటే ఇట్టే అంటుకునే ఆ ద్రావకానిది, వేరే గోల. అది 34.6 డిగ్రీలకే మరుగుతుంది, మే నెలలో వరంగల్ ఎండకు గదిలోనే అంత వేడి ఉంటుంది. అలాగని మామూలు ఫ్రిజ్‌లో పెట్టొద్దు, థర్మోస్టాట్ స్పార్క్ చాలు అంటుకోవడానికి. గాలి, వెలుతురు తగిలితే పేలే గుణమున్న పెరాక్సైడ్లు పుడతాయి కాబట్టి సీసా తెరిచిన తేదీ దాని మీదే రాయండి. మూత చుట్టూ స్ఫటికాలు కనిపిస్తే మాత్రం మూత తిప్పొద్దు, సీసా కదపొద్దు, అందరినీ బయటికి పంపి తలుపు వేసి సార్‌కు చెప్పండి.