ధాన్యం డబ్బును నెల జీతంగా మార్చుకోండి

మన డెల్టాలో వ్యవసాయ కుటుంబాలకు నెలనెలా డబ్బు రాదు. సార్వాకు (వానాకాలం వరి) ఒకసారి, దాళ్వాకు (రెండో పంట వరి) ఒకసారి వస్తుంది. సంక్రాంతికి ఇల్లు కళకళలాడుతుంది, ఉగాది నాటికి చేబదుళ్లు మొదలవుతాయి. మా ఇంట్లో ఈ తిప్పలు తప్పించిన పద్ధతి చెబుతాను.

డబ్బు ఖాతాలో పడిన రోజే ఎరువుల కొట్టు బాకీ, కౌలు, తర్వాతి పంట పెట్టుబడి పక్కకు తీసేయండి. మిగిలినదాన్ని ఏడుతో భాగించండి. ఏడాదికి రెండు పంటలు కదా, ఆరు చాలదా అంటారేమో, ధాన్యం సొమ్ము ఆలస్యమైన ఏడాది ఆ ఏడో భాగమే ఆదుకుంటుంది. మొత్తాన్ని వేరే ఖాతాలో ఉంచి, ఒకటో తేదీన ఒక్క భాగమే ఇంటి ఖర్చుకు తెచ్చుకోండి. ఆ ఖాతాను మాత్రం ఫోనులోని చెల్లింపుల యాప్‌కు జోడించవద్దు. మేము మొదట్లో జోడించాం, రెండు నెలలకే ఖాళీ అయింది.

కొబ్బరి ఉన్నవారు దింపు (కాయలు దింపి అమ్మిన) డబ్బును ఇందులో కలపకండి, పోస్టాఫీసులో వేయండి. అక్కడ రికరింగ్ డిపాజిట్‌ను, అంటే నెలనెలా కట్టే పొదుపును, నెలకు 100 రూపాయలతోనే మొదలుపెట్టవచ్చు, గడువు 5 ఏళ్లు. దింపు బాగా వచ్చినప్పుడు రాబోయే నెలల వాయిదాలు కూడా ముందే కట్టేయవచ్చు. 12 వాయిదాలు క్రమం తప్పకుండా కట్టి ఏడాది నిండితే, అవసరానికి జమలో సగం వరకు అప్పు తీసుకోవచ్చు.