లండన్–బ్రైటన్ పరుగుకు కార్బైడ్ దీపం సిద్ధం చేయడం

1905కు ముందు తయారైన కార్లతో రాయల్ ఆటోమొబైల్ క్లబ్ ఏటా నవంబరు మొదటి ఆదివారం జరిపే ఈ పరుగు తెల్లవారుతుండగానే హైడ్ పార్కులో మొదలవుతుంది. కార్బైడ్‌పై నీళ్లు పడితే పుట్టే అసిటిలీన్ వాయువుతో వెలిగే ఈ కార్ల దీపాలను ముందురోజే సరిచూసుకోండి.

అడుగు గిన్నెలో కార్బైడ్ ముక్కలు సగానికి మించకూడదు. తడిసి సున్నమయ్యాక ఉబ్బుతుంది, నిండా వేస్తే గిన్నె బిగుసుకుపోయి ఊడిరాదు. పై తొట్టిలో నీళ్లు పోసి, చుక్కచుక్కగా పడేంత మాత్రమే కుళాయి తిప్పండి. వెంటనే వెలిగించకండి. లోపలి గాలి పూర్తిగా పోకముందే అగ్గిపుల్ల గీస్తే మంట వెనక్కి పాకి పేలుతుంది. ఎంత తొందరున్నా ఇక్కడ ఆగాల్సిందే.

మంట ఒక పక్కకే వంగితే బర్నర్ రంధ్రంలో మసి చేరినట్టే, సన్నని తీగతో తీయండి. రబ్బరు గొట్టంలో లీకు ఉందేమో సబ్బునీళ్లతోనే చూడాలి. రాగి గొట్టం అసలు వాడొద్దు, అసిటిలీన్ తగిలి పేలుడు పదార్థం తయారవుతుంది.

బ్రైటన్ చేరాక సున్నాన్ని ఆరుబయటే గీకేయండి, అందులో ఇంకా వాయువు పుడుతూ ఉండొచ్చు.