సెలక్షన్స్ పోయినా పాపకి హాకీ టీమ్ దొరికింది

జిల్లా సెలక్షన్స్‌కి పది రోజులుందనగా మా పాప కాలు మడతపడి చీలమండ బూరెలా పొంగింది. ఇంక మళ్లీ ఏడాదే అనుకున్నా. వాళ్ల పీఈటీ సార్ చెప్పేదాకా నాకు తెలీదు, స్కూల్ గేమ్స్ దారి వేరు, హాకీ అసోసియేషన్ దారి వేరు అని. స్కూల్ గేమ్స్‌లో అండర్ 14, 17, 19. అసోసియేషన్ వైపు సబ్ జూనియర్, జూనియర్. ఒకటి పోతే రెండోది ఉంటుంది.

వాపు పూర్తిగా తగ్గాక డాక్టరు దగ్గర ఫిట్‌నెస్ కాగితం రాయించుకుని, తిరుపతిలో పొద్దున్నే పిల్లలు హాకీ ఆడే గ్రౌండ్‌కి తీసుకెళ్లా. టీమ్‌లోకి తీసుకోమని అడగలేదు. "ప్రాక్టీస్‌కి రానిస్తారా సార్?" అన్నా, అంతే. ఈ ఒక్క మాటే పని చేసిందని నా నమ్మకం.

"గోల్‌కీపర్ లేదమ్మా, ప్యాడ్లు కట్టుకుంటుందా?" అన్నారు కోచ్. ఫార్వర్డ్ ఆడే పిల్ల, మొహం మాడ్చుకుంది. భారత జట్టుకి గోల్‌కీపింగ్ చేసిన ఎతిమరపు రజని మన ఉమ్మడి చిత్తూరు జిల్లా అమ్మాయే కదే అన్నా. కాసేపు ఆలోచించి, కట్టుకుంది.

ఇప్పుడు వారానికి నాలుగు రోజులు వెళ్తోంది. చెమట పట్టిన ప్యాడ్ల వాసనే, ఇల్లంతా!